షెంగెన్ వీసా: ఖాతాలో అయిదు లక్షలు చూపించాలా?

మాస్టారు గారికి నమస్కారం.

మీరు అడిగినవన్నీ ముందు ఒకచోట పెట్టుకుంటాను. మీరు రాజమహేంద్రవరంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయులు. మీరూ అమ్మగారూ మే నెలలో పన్నెండు రోజులు పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ చూసి రావాలనుకుంటున్నారు. ఇద్దరికీ ఇదే మొదటి విదేశీ ప్రయాణం. విమానం టికెట్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి కొంటానన్నాడు. ఏజెంటు ఒకాయన మీ ఇద్దరి ఖాతాల్లో చెరో అయిదు లక్షలు కనబడాలని, లేకపోతే తానే నెల రోజులకు సర్దుతానని చెప్పాడు. ఇటలీకి స్లాట్లు, అంటే దరఖాస్తు ఇవ్వడానికి రోజులు, దొరుకుతున్నాయి కాబట్టి దరఖాస్తు అక్కడే పెడదామన్నాడు. అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది. పనిలో పనిగా రెండు రోజులు లండన్ కూడా చూడాలని ఉంది.

పదిహేడేళ్ళు విజయవాడలో ఒక ట్రావెల్ ఆఫీసులో వీసా ఫైళ్ళు సర్దడమే నా ఉద్యోగం. ఇప్పుడు మానేశాను కాబట్టి ఎవరి తరఫునా మాట్లాడవలసిన పని లేదు. డబ్బు చాలక వీసా రానివాళ్ళను చూశాను, వాళ్ళు తక్కువ. ఒక కాగితం ఒకటి చెబితే పక్క కాగితం ఇంకొకటి చెప్పడం వల్ల రానివాళ్ళు చాలా ఎక్కువ. పర్యాటక వీసాకు దరఖాస్తు చేసినవాళ్ళలో అత్యధికులను వీసా అధికారి చూడనైనా చూడడు. మీరు ఎంతమందికి చదువు చెప్పారో, ఊళ్ళో మీ మాటకు ఎంత విలువ ఉందో ఆయనకు తెలియదు. ఆయన ముందు ఉండేది ముప్ఫయి నలభై కాగితాల కట్ట. దాన్ని ఆయన మీరు జవాబు పత్రాలు దిద్దినట్టే దిద్దుతాడు. చూసి రాసిన జవాబు ఎక్కడుందో మీ కంటికి ఎలా తగులుతుందో, అప్పు తెచ్చి చూపించిన డబ్బు ఆయన కంటికి అలాగే తగులుతుంది.

అందుకే ముందు ఆ అయిదు లక్షల సంగతి తేల్చుకుందాం. అంత ఉండాలని ఏ నిబంధనలోనూ లేదు. షెంగెన్ దేశాలు, అంటే ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాలు, ఎవరికి వారు రోజుకు కనీసం ఎంత ఉండాలో ప్రకటించుకున్నాయి. ఫ్రాన్స్ లెక్క ప్రకారం హోటల్ బుకింగు చూపించేవారికి రోజుకు 65 యూరోలు, చూపించనివారికి 120 యూరోలు. స్విట్జర్లాండ్ రోజుకు 100 ఫ్రాంకులంటుంది. మనం ఉదారంగా అన్నిచోట్లా రోజుకు వంద యూరోలు వేసుకున్నా పన్నెండు రోజులకు మనిషికి 1,200 యూరోలు, అంటే ఇప్పటి మారకంలో లక్షా పాతిక వేల చిల్లర. ఇది కనీస లెక్క. నిజంగా అయ్యే ఖర్చును మీరే ఒక కాగితం మీద వేసుకోండి. హోటళ్ళు, రైళ్ళు, తిండి, టికెట్లు అన్నీ పోగా ఇంటి ఖర్చులకు కూడా ఖాతాలో మిగిలేలా ఉంటే అధికారికి అంతకంటే కావలసింది లేదు.

గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరి ఫైలు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకు డబ్బుకు లోటు లేదు. కానీ లావాదేవీలన్నీ కొట్టు పేరున ఉన్న కరెంటు ఖాతాలో నడిచేవి, సొంత సేవింగ్స్ ఖాతాలో ఎప్పుడు చూసినా అరవై డెబ్భై వేలే. ఎవరో చెబితే బావమరిది దగ్గర ఎనిమిది లక్షలు తెచ్చి అందులో వేశారు. స్టేట్‌మెంటు చూస్తే అయిదున్నర నెలలు కాలవ, చివరి రెండు వారాలు వరద. వీసా రాలేదు. తిరస్కరణ కాగితంలో రెండు గడుల్లో టిక్కులు పడ్డాయి: ప్రయాణం గురించి ఇచ్చిన సమాచారం నమ్మదగినది కాదని ఒకటి, వీసా గడువు ముగిసేలోగా తిరిగి వెళతారన్న విషయంలో సందేహం ఉందని రెండోది.

ఎనిమిది నెలల తరవాత ఆయన మా దగ్గరికి వచ్చారు. బావమరిది డబ్బు ఎప్పుడో తిరిగి ఇచ్చేశారు, సేవింగ్స్ ఖాతాలో సొంత డబ్బు రెండు లక్షల నలభై వేలుంది. దాన్ని అలాగే ఉంచమన్నాను. కొట్టు కరెంటు ఖాతా స్టేట్‌మెంటు, జీఎస్‌టీ రిటర్నులు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న మిర్చి టిక్కీల (బస్తాల) రసీదులు, యార్డు లైసెన్సు జత చేశాం. కవరింగ్ లెటర్‌లో మొదటిసారి జరిగింది దాచకుండా రాయించాను: ఆ ఎనిమిది లక్షలు బంధువు దగ్గర తీసుకున్నవని, తెలియక వేశానని, ఈసారి చూపిస్తున్నవి తన సొంత లెక్కలని. మిర్చి సీజను ఫిబ్రవరి నుంచి మే దాకా కాబట్టి సెప్టెంబరులో వెళ్ళి వస్తున్నానని కూడా రాశారు. నా లెక్కలో ఆ ఫైలును గట్టెక్కించింది ఆ ఒక్క వాక్యమే. సీజనుకు ఇంటికి రాని మిర్చి వ్యాపారి ఉంటాడా? వీసా వచ్చింది, మొదటిసారి చూపించిన దానిలో మూడో వంతు కూడా లేని బ్యాలెన్సుతో.

మీ ఫైలు దీనికంటే చాలా సులువు. నెలనెలా ఒకే తేదీకి ఖాతాలో పడే పింఛనును మించిన సాక్ష్యం లేదు. ఆరు నెలల స్టేట్‌మెంటు మీద ప్రతి పేజీకీ బ్యాంకు ముద్ర, సంతకం వేయించండి. పీపీవో (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నకలు, మూడేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నులు పెట్టండి. ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఉంటే వాటిని పగలగొట్టి సేవింగ్స్‌లోకి తేవద్దు. ఉన్నవి ఉన్నట్టుగా బ్యాంకు నుంచి ఒక సర్టిఫికెట్టు తీసుకోండి, అది చాలు. అమ్మగారికి విడిగా ఆదాయం లేదని బెంగపడి ఆమె ఖాతాలో హడావిడిగా డబ్బు వేయకండి. ఆమె గృహిణి అని, ఖర్చంతా భర్త భరిస్తున్నారని మీ ఇద్దరి ఉత్తరాల్లోనూ రాయండి. అబ్బాయి టికెట్లు కొంటున్నాడు కాబట్టి అతని ఉత్తరం, జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, రిటర్నులు కూడా ఫైలులో ఉండాలి. అబ్బాయి కాగితాలు ఉన్నాయి కదా అని మీవి మానేయకూడదు. ఎవరు వెళుతున్నారో వాళ్ళ పరిస్థితే అధికారి ముందు చూసేది.

ఇంటి పన్ను రసీదు, పొలం ఉంటే పట్టాదారు పాసు పుస్తకం నకలు పెట్టండి. తెలుగులో ఉన్నవాటికి ఆంగ్ల అనువాదం జత చేయించాలి. ఇది చాలామంది మరిచిపోతారు. పొలం ఉన్నట్టు మనకు అక్షరాల్లో కనబడుతుంది, అధికారికి గీతలుగా కనబడుతుంది.

కవరింగ్ లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. తెలుగు మాస్టార్లు ఉత్తరం మొదలుపెడితే ఆపరు, అందుకే చెబుతున్నాను. ఎవరు, ఏం చేసేవారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ ఊళ్ళో ఎన్ని రాత్రులు, ఖర్చు ఎవరిది, తిరిగి ఎందుకు వస్తారు. ఇవి చాలు. ఐరోపా నాగరికత మీద మీకున్న గౌరవం గురించి రెండు పేరాలు అక్కర్లేదు.

ఇక ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్నది. ఇది స్లాట్లను బట్టి తేలే విషయం కాదు. షెంగెన్ ప్రాంతంలో ఇప్పుడు 29 దేశాలున్నాయి. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా, రొమేనియా పూర్తిగా చేరాయి. స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు కానీ షెంగెన్‌లో ఉంది, ఐర్లండ్ సమాఖ్యలో ఉంది కానీ షెంగెన్‌లో లేదు. ఏ దేశం ఇచ్చిన వీసాతోనైనా మిగతావి తిరగవచ్చు. కానీ వీసా ఇవ్వవలసింది మీరు ఎక్కువ రోజులు ఉండే దేశమే. రోజులు సమానమైతే షెంగెన్‌లోకి మొదట ఎక్కడ అడుగుపెడతారో ఆ దేశం. మీరు రాసిన ప్రకారం పారిస్‌లో నాలుగు రాత్రులు, లూసెర్న్, ఇంటర్‌లాకెన్‌లలో కలిపి నాలుగు, వెనిస్, రోమ్‌లలో కలిపి మూడు. ఇటలీకి ఏ లెక్కనా రాదు. ఇటలీ వీసా కోసం కాగితం మీద ఇటలీకి ఆరు రాత్రులు చూపించి, వీసా వచ్చాక ఆ హోటళ్ళు రద్దు చేసుకుందామని ఏజెంట్లు సలహా ఇస్తారు. వద్దు. విమానాశ్రయంలో దిగిన చోట అధికారి మీ హోటల్ కాగితాలు అడిగితే అక్కడ దొరికిపోతారు. ఇచ్చిన వీసాను సరిహద్దులో రద్దు చేసే అధికారం వాళ్ళకు ఉంది.

ఫ్రాన్స్ నాలుగు, స్విట్జర్లాండ్ నాలుగు అన్న సమానాన్ని కూడా నేను ఉంచను. గల్ఫ్ మీదుగా నేరుగా పారిస్‌లో దిగితే ఫ్రాన్స్ అని తేలిపోతుంది. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్ళి అక్కడ విమానం మారి పారిస్ చేరితే మాత్రం ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది, అప్పుడు మొదటి అడుగు ఎక్కడిది అన్న ప్రశ్న వస్తుంది. ఎందుకొచ్చిన వాదన! ఒక రాత్రి పారిస్ వైపు జరపండి. అయిదు, మూడు, మూడు. అమ్మగారికి కూడా మ్యూజియం మెట్లు ఎక్కి దిగాక ఒక పూట విశ్రాంతి దొరుకుతుంది.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టి తీరాలి. నిర్ణయానికి మామూలుగా పదిహేను రోజులు పడుతుంది, అవసరమనుకుంటే 45 రోజుల దాకా తీసుకునే హక్కు వాళ్ళకు ఉంది. మే నెల ప్రయాణమంటే మన దేశంలో వేసవి సెలవుల తాకిడి కూడా కలుస్తుంది. అందుకని జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పని ముగించుకోవడం మంచిది. ఫ్రాన్స్‌కు అయితే ముందు ఫ్రాన్స్-వీసాస్ అన్న అధికారిక వెబ్‌సైట్‌లో దరఖాస్తు నింపి, తరవాత దరఖాస్తులు తీసుకునే సంస్థ వీఎఫ్‌ఎస్‌కు హైదరాబాద్‌లో ఉన్న కేంద్రంలో రోజు తీసుకోవాలి. వేలిముద్రలు ఇవ్వాలి కాబట్టి ఇద్దరూ స్వయంగా వెళ్ళాలి. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలల పాటు పనికివస్తాయి. రుసుము 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, అంటే మనిషికి తొమ్మిది వేల పైచిలుకు, కేంద్రం సేవా రుసుము దీనికి అదనం. వీసా రాకపోతే ఇది తిరిగి రాదు. ఒక మాట: ఆ కేంద్రంలో కూర్చున్నవాళ్ళు కాగితాలు తీసుకునేవాళ్ళే, నిర్ణయం వాళ్ళది కాదు. ఎక్కువ డబ్బు కట్టి ప్రత్యేక గదిలో కూర్చుంటే కాఫీ ఇస్తారు, వీసా ఇవ్వరు.

అమ్మగారి పేరు సంగతికి కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి, ఇది తెలుగువాళ్ళందరి తలనొప్పి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. బ్యాంకులో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, ఆధార్‌లో ఆ అక్షరం చివరికి పోతుంది, పాన్‌లో పూర్తిగా ఉంటుంది, పాస్‌పోర్టులో అంతా కలిపి ఒకే గడిలో ఉంటుంది. పెళ్ళయిన ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు ఒకటి, అత్తింటిది ఒకటి. షెంగెన్ దరఖాస్తులో మొదటి గడి ఇంటిపేరు, రెండోది పుట్టినప్పటి ఇంటిపేరు, మూడోది పేరు. ఈ రెండో గడిలో అమ్మగారి పుట్టింటి ఇంటిపేరు రాయాలి. ఇక్కడ ఖాళీ వదిలేసి, తమ్ముడి పేరు ఇంకో ఇంటిపేరుతో ఎక్కడో రాసి సందేహాలు తెచ్చుకున్నవాళ్ళున్నారు.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టును నేనైతే అలాగే ఉంచను. మీకు సమయం ఉంది, పాస్‌పోర్టు సేవా కేంద్రంలో రీఇష్యూకు పెట్టి పేరు రెండు గడుల్లోకి విడగొట్టించండి. ఇది ఒక్క ఐరోపా కోసమే కాదు. ఇంటిపేరు గడిలో గానీ పేరు గడిలో గానీ ఒక్క మాటే ఉండి రెండోది ఖాళీగా ఉన్నవారికి సందర్శక వీసా మీద ప్రవేశం ఉండదని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది. రేపు దుబాయి చూడాలనుకుంటే అక్కడా ఇదే తంటా రావచ్చు. అమెరికా వీసాలో పేరు గడి ఖాళీగా ఉంటే పేరు తెలియదని అర్థమిచ్చే మూడక్షరాలు వేస్తారు. అరవై ఏళ్ళు బతికిన మనిషికి పేరు తెలియదని రాయించుకోవడం ఎందుకు? కొత్త పాస్‌పోర్టు వచ్చాకే మిగతా పనులు మొదలుపెట్టండి. టికెట్టు, బీమా, హోటళ్ళు మూడింటిలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. బ్యాంకు పుస్తకంలో పొట్టి అక్షరం ఉంటే ఫరవాలేదు, రెండూ ఒకరివేనని ఉత్తరంలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. సంతకం కూడా పాస్‌పోర్టులో ఉన్నట్టే చేయాలి. అమ్మగారు పాస్‌పోర్టులో తెలుగులో సంతకం చేసి ఉంటే ఇక్కడా తెలుగులోనే చేయమనండి. ఇంగ్లీషులో చేస్తే గౌరవమని ఎవరో చెబుతారు, వినకండి.

మీ పాస్‌పోర్టు కూడా తీసి చూడండి. గత పదేళ్ళలోపు ఇచ్చినదై ఉండాలి, మీరు షెంగెన్ నుంచి బయటికి వచ్చే తేదీ తరవాత కనీసం మూడు నెలల గడువు మిగలాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. ఫొటో 35 మిల్లీమీటర్ల వెడల్పు, 45 ఎత్తు. వీసా ఫొటో అనగానే స్టూడియోవాళ్ళు అలవాటుగా అమెరికాకు కావలసిన రెండంగుళాల చదరం ఫొటో తీసి ఇస్తారు. కొలత చెప్పి తీయించుకోండి.

బీమా తప్పనిసరి. కనీసం 30,000 యూరోలకు ఉండాలి, షెంగెన్ దేశాలన్నిటికీ వర్తించాలి, ఉండే రోజులన్నిటికీ ఉండాలి, అనారోగ్యంతో ఇంటికి చేర్చవలసి వస్తే ఆ ఖర్చు కూడా అందులో ఉండాలి. మన కంపెనీలే అమ్ముతాయి. మీకు బీపీ, షుగరు ఉంటే దాచకుండా చెప్పి కొనండి. దాచినందువల్ల తగ్గేది కొన్ని వందలు, అవసరం పడిననాడు పోయేది పాలసీ మొత్తం. మందుల చీటీ మీద మందు అసలు పేరు కూడా రాయించుకుని వెంట ఉంచుకోండి.

టికెట్లు ముందే కొనాలా అంటే, అక్కర్లేదు. రాకపోకల బుకింగు చూపిస్తే చాలు, డబ్బు కట్టిన టికెట్టే కావాలని నియమం లేదు. ఏజెంట్లు డమ్మీ టికెట్టని ఒకటి ఇస్తారు. అందులో రెండు రకాలు: విమాన సంస్థ దగ్గర నిజంగా కొద్ది రోజులు నిలిపి ఉంచిన బుకింగు ఒకటి, కంప్యూటర్‌లో అక్షరాలు మార్చి ముద్రించిన కాగితం రెండోది. బుకింగు సంఖ్యను విమాన సంస్థ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. మీ పేరు కనబడకపోతే అది రెండో రకం. దొంగ కాగితం పెట్టారని తేలితే అది అన్ని షెంగెన్ దేశాలూ చూసే వీసా సమాచార వ్యవస్థలో అయిదేళ్ళు ఉంటుంది. నా సలహా, అబ్బాయిని రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే టికెట్టు కొనమనండి. హోటళ్ళు కూడా ఉచితంగా రద్దు చేసుకునే రకానివే తీసుకోండి, కానీ వీసా చేతికి వచ్చేదాకా వాటిని కదిలించకండి.

విదేశాలు తిరిగిన అనుభవం లేదని, ముందు థాయిలాండ్‌కో సింగపూర్‌కో వెళ్ళి ముద్ర వేయించుకు రావాలా అని కూడా అడిగారు. అవసరం లేదు. వెళ్ళి వచ్చి ఉంటే మంచిదే, లేకపోతే తప్పు కాదు. మొదటి ప్రయాణం ఐరోపాకే పెట్టుకుని వీసా తెచ్చుకున్న పింఛనుదార్లు నా చేతుల మీదుగానే చాలామంది వెళ్ళారు. ముద్ర కోసం చేసే ప్రయాణానికి అయ్యే డబ్బుతో స్విట్జర్లాండ్‌లో రెండు కొండలు అదనంగా ఎక్కవచ్చు.

లండన్ మాత్రం ఈసారికి వదిలేయండి. బ్రిటన్ షెంగెన్‌లో లేదు, దానికి వేరే వీసా, వేరే రుసుము, మళ్ళీ వేలిముద్రలు. పైగా పారిస్ నుంచి రైల్లో లండన్ వెళితే షెంగెన్ నుంచి బయటికి వెళ్ళినట్టు లెక్క. గార్ దు నోర్ స్టేషన్‌లో రైలు ఎక్కక ముందే ఆ తనిఖీ అయిపోతుంది. మీకు ఒకే ప్రవేశానికి వీసా ఇచ్చి ఉంటే తిరిగి పారిస్‌లోకి రాలేరు. అంతగా చూడాలనుకుంటే లండన్‌ను ప్రయాణం మొదట్లో గానీ చివర్లో గానీ పెట్టాలి, మధ్యలో ఇరికించకూడదు.

వీసా వచ్చిందనుకుందాం. సంతోషంతో స్టిక్కరు ఫొటో తీసి కుటుంబం వాట్సాప్ గుంపులో పెట్టే ముందు దాన్ని చదవండి. ఒక తేదీ నుంచి ఒక తేదీ వరకు అని ఉంటుంది. విడిగా ఉండదగిన రోజులు అని ఒక అంకె ఉంటుంది. ఎన్ని ప్రవేశాలు అన్నది ఇంకొకటి. మీరు మే 5న పారిస్‌లో దిగి మే 16న రోమ్‌లో విమానం ఎక్కితే రోజులు పన్నెండు, దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కే. స్టిక్కరు మీద తేదీలు మే 5 నుంచి మే 31 దాకా ఉండవచ్చు, ఎందుకంటే ప్రయాణం వెనకా ముందూ అయినా ఇబ్బంది లేకుండా పదిహేను రోజులు అదనంగా కలుపుతారు. కానీ రోజుల గడిలో 12 అని ఉంటే మీకున్నవి పన్నెండే. ఆ పెద్ద తేదీ చూసి ఇంకో వారం ఉండిపోయి, తిరుగు ప్రయాణంలో పట్టుబడ్డ దంపతులను నేను ఎరుగుదును. ఇంకొకటి, రోమ్‌లో విమానం రాత్రి 12 దాటాక అయితే తేదీ మారి పదమూడో రోజు కావచ్చు. మీ టికెట్టు వేళ ముందే చూసి దరఖాస్తులో ఆ తేదీయే రాయండి.

గడువు దాటడం ఇప్పుడు దాచేది కాదు. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ సరిహద్దుల్లో రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త వ్యవస్థను దశలవారీగా తెచ్చారు. ముద్రలకు బదులు ముఖం ఫొటో తీసి, రోజులు యంత్రమే లెక్కపెడుతుంది. సక్రమంగా వెళ్ళి వస్తే లాభం కూడా ఉంది. భారతీయుల కోసం 2024 ఏప్రిల్ 18న చేసిన నిర్ణయం ప్రకారం మూడేళ్ళలో రెండు వీసాలు తీసుకుని సరిగా వాడుకున్నవారికి ఎన్నిసార్లయినా వెళ్ళి రాగల రెండేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా, ఆ తరవాత పాస్‌పోర్టుకు తగినంత గడువు ఉంటే అయిదేళ్ళది ఇస్తున్నారు. అయిదేళ్ళ వీసా ఉన్నా ఏ 180 రోజులు తీసుకున్నా అందులో 90కి మించి ఉండకూడదు. మీ మనవలు ఎవరైనా అక్కడ చదువుకోవడానికి వెళితే, వాళ్ళను చూసి రావడానికి మీకు ఈ సంగతి పనికివస్తుంది.

వీసా రాకపోతే? టిక్కు ఏ గడిలో పడిందో చూసి నాకు చెప్పండి. ఆ గడిని బట్టే తరవాతి పని. అదే ఫైలును మరుసటి వారమే ఇంకో దేశానికి పెట్టడం మాత్రం చేయకండి.

ఇక దిగాక జరిగేది. మూడేళ్ళ కిందట నేనూ మా ఆవిడా పారిస్‌లో దిగినప్పుడు కౌంటరులో అమ్మాయి మూడే అడిగింది: ఎన్ని రోజులు, హోటల్ ఏది, తిరుగు టికెట్టు ఏది. అన్నీ ఫోనులో ఉన్నాయి, ఫోనులో నెట్‌వర్కు లేదు. పదిహేడేళ్ళు ఇతరులకు ‘కాగితం మీద ముద్రించి వెంట ఉంచుకోండి’ అని చెప్పిన మనిషిని, నేనే ముద్రించుకోలేదు. మా ఆవిడ తన సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి కాగితాలు బల్ల మీద పెట్టింది. మీరు కూడా టికెట్టు, హోటళ్ళు, బీమా, అబ్బాయి ఫోను నంబరు ఒక కవరులో పెట్టి అమ్మగారికి ఇవ్వండి. దేశం మారేటప్పుడు రైల్లో మామూలుగా తనిఖీ ఉండదు, కానీ అప్పుడప్పుడు పోలీసులు ఎక్కుతారు. అందుకని ఆ రోజు పాస్‌పోర్టులు పెట్టెలో కాకుండా చేతికి అందేలా ఉండాలి.

డబ్బు విషయంలో మన వైపు నియమం: ఒక ప్రయాణానికి విదేశీ నోట్లుగా మనిషికి 3,000 డాలర్ల విలువకు మించి తీసుకెళ్ళకూడదు, మిగతాది కార్డులో వేయించుకోవాలి. మన రూపాయలు 25,000 దాకా ఉంచుకోవచ్చు. మీకు చిల్లర నోట్లుగా మొత్తం వంద, రెండు వందల యూరోలు చాలు, అక్కడ టీ కొట్టులో కూడా కార్డు తీసుకుంటారు.

చివరగా అమ్మగారు అడిగించిన పచ్చళ్ళ ప్రశ్న. ఐరోపాలోకి మాంసం, పాల పదార్థాలు మన దేశం నుంచి సామానులో తీసుకెళ్ళడం నిషేధం. కాబట్టి కోడి పచ్చడి, నెయ్యి డబ్బా, పాలకోవా కుదరవు. పూతరేకులకు నెయ్యి రాస్తారు, అది పాల పదార్థమా మిఠాయా అని కస్టమ్స్‌వాళ్ళతో వాదించే ఓపిక మీకుంటే తీసుకెళ్ళండి, నేనైతే తీసుకెళ్ళను. పచ్చి కరివేపాకు, మామిడికాయలు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా తేకూడదు. ఎండబెట్టి పొడి చేసిన కరివేపాకుతో చిక్కు లేదు. ఆవకాయ, గోంగూర నిరభ్యంతరంగా తీసుకెళ్ళవచ్చు. రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి, నూనె ఊరే పచ్చడిని చేతి సంచిలో పెడితే శంషాబాద్‌లోనే తీసి పక్కన పెట్టే అవకాశం ఉంది.